ఒక గడి ఆలస్యం

కిందటి వారం పిచ్చుకను ఆమె పనిబల్ల దగ్గర నిలబెట్టి వచ్చాం. ఒక చేతిలో చల్లారిన టీ, ఇంకో చేతి వేలు బొత్తాం మీద. తెర మీద వెలుగు ‘క’ అనే గడిలో ఉండగా ఆమె బొత్తాం నొక్కింది. పడింది మాత్రం ‘ఖ’. ‘గ’ కోసం నొక్కితే ‘ఘ’ వచ్చింది. 

అప్పటిదాకా జరిగింది తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. పిచ్చుక అన్నది ఇంట్లో పిలుపు. చిన్నప్పుడు నోటికి మూతపడేది కాదని అన్నయ్య పెట్టిన పేరు. ఆ అన్నయ్యే ఇప్పుడు మాటా పలుకూ లేకుండా మంచంలో ఉన్నాడు. నరాల జబ్బు అతని ఒంట్లోని కండల్ని ఒక్కొక్కటిగా తీసుకుపోయింది. కాళ్ళు, చేతులు, నాలుక, చివరికి కనురెప్పలు. కంటిపాపలు కాస్త తిరిగినా, సైగకు పనికొచ్చేలా మిగిలింది కుడి చెంపలో అల్లాడే ఒక చిన్న కండ. ఆ చెంపకు అంటించిన బిళ్ళ కదలికను పట్టుకుంటుంది. పక్కనున్న పెట్టె దాన్ని కంప్యూటర్‌కు అందిస్తుంది. తెర మీద అక్షరాల పలక ఉంటుంది, వెలుగు గడి తరవాత గడి నడుస్తూ పోతుంది, కావలసిన అక్షరం మీదికి రాగానే అన్నయ్య చెంప కదిలిస్తాడు. ఆ పెట్టెకూ కంప్యూటర్‌కూ నడుమ ఉండి కబురు మోసే ప్రోగ్రామును డ్రైవర్ అంటారు. వేళ్ళలో సత్తువ ఉన్న రోజుల్లో అన్నయ్య తనకోసం తానే రాసుకున్నాడు దాన్ని.

వానాకాలంలో పిడుగు పడి పాత కంప్యూటర్ పోయింది. కొత్తది కొన్నారు. అన్నయ్య మాట లేకుండా పడి ఉన్నాడని పిచ్చుక ఆఘమేఘాల మీద డ్రైవర్‌ని కొత్త కంప్యూటర్‌కు తగ్గట్టు మళ్ళీ తయారుచేసి ఎక్కించింది. వెలుగు కదిలింది, అక్షరాలు పడ్డాయి. అందరూ హమ్మయ్య అనుకున్నారు. కానీ ఆ రోజు అన్నయ్య రాసినవన్నీ తలాతోకా లేని ముక్కలైపోయాయి. అందులో అర్థమైంది ఒకే ఒక్కటి: ‘మర’.

“మర అంటే మెషీనే కదా! ఊపిరి మెషీన్ పెట్టించమంటున్నారు!” అంది వదిన.

మిగతా ముక్కలు చూసి డాక్టరు పెదవి విరిచాడు. మెదడు కూడా అలిసిపోతున్నట్టుంది, ఇక అక్షరాలతో ఆయన్ని కష్టపెట్టొద్దన్నాడు. పలక తీసేసి తెర మీద రెండే గడులు ఉంచారు, ‘సరే’, ‘వద్దు’. గొంతుకు రంధ్రం చేసి ఊపిరి యంత్రం బిగించమంటారా అని వదిన అడిగిన రోజు తెర మీద ‘సరే’ పడింది. ఆపరేషన్‌కు రోజు కుదిరింది.

ఆ రోజే ఇవాళ.

*

పిచ్చుక పనిచేసేది కొలత పరికరాలు తయారుచేసే చిన్న సంస్థలో. ఆమె పనల్లా డ్రైవర్లు తయారుచెయ్యడం. మనిషి రాసిన ప్రోగ్రామును యంత్రానికి అర్థమయ్యే అంకెల్లోకి మార్చే సాధనం కంపైలర్. ఒక విధంగా దుబాసీ. ఆ దుబాసీలలోనూ పాతవాళ్ళూ కొత్తవాళ్ళూ ఉంటారు. పాత కంపైలర్ రాసింది రాసినట్టు మారుస్తుంది. కొత్తది తెలివిమీరింది, అనవసరం అనుకున్నది తీసి పారేస్తుంది. కంప్యూటర్‌కు గుండెకాయలాంటి కెర్నెల్‌ను ఏ కంపైలర్‌తో చేశారో, దానికి తగిలించే డ్రైవర్‌నూ అదే కంపైలర్‌తో చెయ్యాలి. లేకపోతే ఒకరు ఒకటంటే ఇంకొకరు ఇంకొకటి వింటారు. అందుకే ఆమె కంప్యూటర్‌లో పాతవీ కొత్తవీ కలిసి కంపైలర్ల గుంపే ఉండేది. ఏ పనికి ఏది పిలవాలో చెప్పే చిన్న మీట ఒకటి పెట్టుకుంది.

పని నేర్పిన కొత్తలో అన్నయ్య అనేవాడు, “పిచ్చుకా, కూర మాడితే ఇంకోటి వండుకోవచ్చు. డ్రైవర్ మాడితే ఎక్కడ మాడిందో కూడా తెలీదు. వాసన రాదు.”

వాసన రాలేదు. ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే అంతా అద్దంలో కనిపించినట్టు కనిపిస్తోంది. ఆ రోజు మీట కొత్త కంపైలర్ వైపు ఉంది. అన్నయ్య కంప్యూటర్‌లోని కెర్నెల్ పాత కంపైలర్‌తో తయారైంది. డ్రైవర్ తయారవుతున్నప్పుడు తెర మీద హెచ్చరిక పడింది కూడా, రెండింటికీ కంపైలర్లు వేరని. అలాంటి హెచ్చరికలు రోజూ పడుతూనే ఉంటాయి, నూటికి తొంభైసార్లు ఏమీ కాదు. పైగా అవతల అన్నయ్య కళ్ళు తెరుచుకుని పడి ఉన్నాడు. ఆమె ముందుకు వెళ్ళిపోయింది.

చెంప కదలిక కోసం ఆగి, మళ్ళీ మళ్ళీ చూడమని అన్నయ్య డ్రైవర్‌లో రాసుకున్న చోటు ఒకటుంది. ఊరికే ఇన్నిసార్లు చూడడం దండగని కొత్త కంపైలర్ దాన్ని కత్తిరించింది. ఒకసారి చూసి ఊరుకుంది. అన్నయ్య చెంప కదిపిన సంగతి దానికి తెలిసేసరికి వెలుగు పక్క గడికి జరిగిపోతోంది.

ఒక గడి ఆలస్యం. అంతే.

పిచ్చుక మీట పాత కంపైలర్ వైపు తిప్పి డ్రైవర్‌ను మళ్ళీ తయారుచేసింది. హెచ్చరిక పడలేదు. బొత్తాం నొక్కి చూసింది. ‘క’ అంటే ‘క’ వచ్చింది. సంతోషించేలోపే ఆమెకు ‘మర’ గుర్తుకొచ్చింది.

అన్నయ్య చెంపకు శ్రమ అని గుణింతాలూ సున్నలూ వదిలేసి ఉత్త అక్షరాలే రాస్తాడు. అక్షరాల వరసలో ‘మ’కు ముందుండేది ‘భ’. ‘ర’కు ముందుండేది ‘య’.

భయ.

భయం అన్నాడు అన్నయ్య. వాళ్ళు యంత్రం తెప్పిస్తున్నారు.

తెర మీద రెండే గడులుంటే ఒక గడి ఆలస్యం అంటే ఏమవుతుందో ఆమె వేరే లెక్క వేసుకోనక్కర్లేదు. ‘వద్దు’ అని చెంప కదిపినవాడి నోట ‘సరే’ పలుకుతుంది.

*

ఇంటికి చేరేసరికి గుమ్మంలో చిన్న పెట్టె సర్ది ఉంది. తువ్వాళ్ళు, దుప్పటి, అన్నయ్య దువ్వెన. అన్నయ్యను చూసుకునే నర్సమ్మ ఆసుపత్రివాళ్ళకు ఫోనులో దారి చెబుతోంది. పిచ్చుకను చూసి నవ్వింది.

“వచ్చావా తల్లీ! ఆ డ్రైవర్ని మళ్ళీ మార్చాలని ఫోన్ చేశావట? ఎందుకమ్మా ఊరికే మార్చడం? పాతాయన బాగానే నడిపేవాడుగా!”

ఇంకో రోజైతే పిచ్చుక పగలబడి నవ్వేది. ఇవాళ వదిన చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్ళింది. పొయ్యి మీద నీళ్ళు కాగుతున్నాయి. ఎలా మొదలుపెట్టాలో తెలియక ఉన్నదున్నట్టు చెప్పేసింది. మీట, కంపైలర్, హెచ్చరిక, గడి. చివర ‘భయ’.

వదిన నిదానంగా విన్నది. విన్నాక పొయ్యి ఆర్పింది.

“నీకు చాదస్తం పట్టుకుంది పిచ్చుకా. పొద్దస్తమానం ఆ మెషీన్లతో ఉండి ఉండి ఇలా అయిపోయావు. మెషీన్ తిరగేసి చెబుతోందంటావు, అంతేగా? మరి ‘పక్కకి తిప్పనా’ అంటే సరే అంటారు, తిప్పగానే ఊపిరి సర్దుకుంటుంది. ‘కిటికీ మూసెయ్యనా’ అంటే వద్దంటారు, తెరిచే ఉంచితే ముఖం తేటగా ఉంటుంది. ఇన్నాళ్ళనుంచి చూస్తున్నాను. అన్నీ సరిగ్గానే చెబుతున్నారు.”

 దారిపొడుగునా ఎంత ఆలోచించినా పిచ్చుకకు ఈ సంగతి తట్టలేదు.  అయినా సంచిలోంచి ఇంకో బిళ్ళ తీసి, అన్నయ్య గదిలోకి వెళ్ళి, అతని తల వెనక ఉన్న పెట్టెకు తగిలించింది. తెరను వదినవైపు తిప్పింది. వెలుగు రెండు గడుల నడుమ గోడగడియారం లోలకంలా అటూ ఇటూ ఆడుతోంది.

“నువ్వే నొక్కు వదినా. వద్దు మీద వెలుగున్నప్పుడు.”

వదిన నొక్కింది. తెర మీద ‘సరే’ పడింది.

మళ్ళీ నొక్కింది. మళ్ళీ ‘సరే’.

వదిన బిళ్ళను తేలు కుట్టినట్టు వదిలేసింది. పిచ్చుక చెయ్యి పట్టుకుని వసారాలోకి లాక్కొచ్చి తలుపు దగ్గరికి వేసింది. గొంతు తగ్గించింది. 

“ఎవరికైనా చెప్పావా?”

“లేదు.”

“చెప్పకు. మార్చకు. అలాగే ఉంచెయ్యి.”

“వదినా...”

“నా మాట విను. ఇంకాసేపట్లో వాళ్ళొస్తారు. డాక్టరు చివరగా ఒక్కసారి అడుగుతాడు. ఆ మెషీన్ ‘సరే’ అంటుంది. చాలు. ఆ తరవాత నువ్వేం మార్చుకుంటావో మార్చుకో, నేనడ్డం రాను.”

“అది అన్నయ్య మాట కాదు వదినా!”

“మాట! మాట! ముందు మనిషంటూ ఉంటే కదే మాట! పోతే మాట పోనీ. నాకు మనిషి కావాలి.” వదిన కళ్ళలో నీళ్ళు లేవు, నిప్పులున్నాయి. “నువ్వు వారానికోసారి వస్తావు. తీగలు చూస్తావు, పెట్టె చూస్తావు, వెళ్ళిపోతావు. ఆ గొంతులో కఫం లాగేది నేను. ఆ ఊపిరి కాస్త ఆలస్యమైతే నా ఊపిరి ఆగిపోతుంది. ఇన్నేళ్ళనుంచి ఆయన రొమ్ము మీద చెయ్యేసుకుని కునుకు తీస్తున్నదాన్ని. రేపట్నుంచి ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోను? చెప్పు! నీ కంపైలర్లని అడిగి చెప్పు!”

పిచ్చుక గోడకు ఆనుకుని నేలమీద కూర్చుండిపోయింది. అడకత్తెరలో పోకచెక్క అయింది ఆమె బతుకు. డ్రైవర్ మారిస్తే అన్నయ్య నోట ఏం వినాల్సి వస్తుందో ఆమెకు తెలుసు. తన చేత్తో తాను ఆ మాటకు దారి తెరవాలి. మార్చకపోతే అన్నయ్య బతుకుతాడు, ఎన్నాళ్ళో తెలియదు, తను వద్దన్న చోట.

“నాకూ ఆ ‘సరే’నే కావాలి వదినా,” అంది. “నీకు చెప్పకుండా మార్చేసి వెళ్ళిపోదామనుకున్నాను. అసలు మార్చకుండా ఊరుకుందామనీ అనుకున్నాను. కారులో కూర్చుని చాలాసేపు ఏడ్చాను. కానీ ఎలా? లోపల అన్నయ్య గొంతు చించుకుని వద్దంటూ ఉంటే, మనం సరే అన్నాడని ఒళ్ళు తుడిచి, తల దువ్వి, బయలుదేరదీస్తామా?”

వదిన చీరకొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడింది. వీధిలో ఎవరో గేటు తీసిన చప్పుడైతే ఉలిక్కిపడి చూసింది. పక్కింటివాళ్ళు. తరవాత తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు అంది:

“ఆ రోజు... సరే అన్నాక... ఆయన కంట్లోంచి నీళ్ళు కారాయి. ధారగా కారాయి. నేను తుడిచాను. సంతోషమేమో అనుకున్నాను. నర్సమ్మతో కూడా చెప్పాను, బతకాలని ఎంత ఆశో చూడవే అని.”

అప్పుడు వచ్చాయి ఆమెకు కన్నీళ్ళు. పిచ్చుక లేవబోయింది. వదిన వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టి, ముఖం తుడుచుకుని, అన్నయ్య గది తలుపు తానే తీసింది.

“రా. వాళ్ళు వచ్చేలోపు పెట్టెయ్యి.”

*

పని పెద్దదేం కాదు. పాత డ్రైవర్ను దించి కొత్తగా తెచ్చినదాన్ని ఎక్కించింది పిచ్చుక. ఈసారి తెర మీద ఏ హెచ్చరికా పడలేదు. రెండు గడులూ తీసేసి, మూలన పడిన అక్షరాల పలకను మళ్ళీ తెర నిండా పరిచింది. అన్నయ్య కళ్ళు ఆ పలక మీద నిలిచిపోయాయి. ఎన్నాళ్ళ తరవాతో సొంతవాళ్ళు ఎదురైనట్టు.

ఆమె మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది.

“అన్నయ్యా, డ్రైవర్ సరిచేశాను. ఇన్నాళ్ళూ ఒక గడి ఆలస్యంగా పడుతోంది. తప్పు నాది. నీ మాట నేనే చెడగొట్టాను. ఇప్పుడు ‘అ’ మీద ఆపు, చూద్దాం.”

వెలుగు నడిచింది. ‘అ’ మీదికి రాగానే చెంప అల్లాడింది. ‘అ’ పడింది.

వదిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

అన్నయ్య ఆగలేదు. వెలుగు వరసలు దాటుతూ పోతుంటే చెంప అక్కడా ఇక్కడా అల్లాడింది. అక్షరాలు ఒక్కొక్కటే వచ్చి కూర్చున్నాయి. త. ల. స.

“తెలుసు,” అని చదివింది వదిన. ఆ పొడి అక్షరాలకు గుణింతాలు పెట్టుకోవడం ఆమెకున్నంత అలవాటు ఇంకెవరికీ లేదు. “ఏం తెలుసు? ఏవండీ, ఏం తెలుసు?”

మ. ద. ట. ర. జ.

“మొదటి రోజు,” అంది పిచ్చుక.  “మొదటి రోజే తెలుసా? ఒక గడి ఆలస్యమని నీకు తెలుసా?”

తెలియకుండా ఎలా ఉంటుంది! ఆ డ్రైవర్లో ప్రతి వాక్యం అతను రాసుకున్నదే. భయం అని రాస్తే ‘మర’ అని పడిన క్షణాన్నే, ఎక్కడేం తెగిందో అతనికి తెలిసిపోయి ఉంటుంది. ఆ పూటకు చెంప అలిసిపోయింది గానీ, మరునాడే ఒక గడి ముందుగా చెంప కదిపి తన మాట తాను సరిచేసుకునేవాడే. కానీ ఆ మరునాటికి డాక్టరు పలక తీయించేశాడు. రెండు మాటలు మిగిలిన మనిషి, నా మెదడు బాగానే ఉంది, డ్రైవరే బాగాలేదు అని ఎలా చెబుతాడు? పలక కావాలా అని అతన్ని ఎవరూ అడగనేలేదు.

“అందుకే,” అంది వదిన మెల్లిగా. “పక్కకి తిప్పనా అంటే సరిగ్గానే చెప్పారు. కిటికీ సంగతీ సరిగ్గానే చెప్పారు. తిరగేసి పడుతుందని తెలిసి, తిరగేసి నొక్కేవారు. అంతేనా?”

అ. వ. న.

అవును.

గదిలో ఇద్దరాడవాళ్ళకూ ఒకే ఆలోచన ఒకేసారి వచ్చింది.  తిరగేసి నొక్కడం తెలిసినవాడు ఆ రోజు ‘సరే’ అన్నాడంటే అది అతని సొంత ‘సరే’నే కావాలి. మరి ఆ కన్నీళ్ళు? వెలుగు ‘వద్దు’ మీద ఉండగా చెంప పట్టు తప్పి కదిలిందేమో! ఆ చిన్న కండ ఈమధ్య అలిసిపోతే దానంతటదే అదురుతోందని నర్సమ్మ చెబుతూనే ఉంది.

వదిన ముందుకు వంగి అతని ముఖం రెండు చేతుల్లోకి తీసుకుంది.

“ఏవండీ, ఇప్పుడు చెప్పండి. ఆ రోజు సరే అన్నది మీరేనా? మీరేమన్నా నేను ఏడవను. ఒట్టు.”

ఆ మాట అంటూనే ఏడ్చింది.

బయట బండి ఆగింది. తలుపులు తీసిన చప్పుడు, చక్రాల బల్ల దించిన చప్పుడు వినబడ్డాయి. నర్సమ్మ వచ్చి గుమ్మంలో నిలబడి, లోపలి వాలకం చూసి, వెనక్కి తిరిగింది. వసారాలో ఆసుపత్రి మనుషులతో, “ఉండండి నాయనా, ఒక్క నిమిషం. లోపల వాళ్ళు మాట్లాడుకుంటున్నారు,” అంది. ఆ మంచంలోని మనిషిని కలుపుకుని ‘మాట్లాడుకుంటున్నారు’ అనడం ఆ ఇంట్లో వినపడి చాలాకాలమైంది.

వెలుగు నడుస్తోంది. అన్నయ్య చెంప అల్లాడింది.

ప. చ. క. కాస్త ఆగి, బ. య. ట. క.

పిచ్చుక, బయటకి.

ఆమెకు ముల్లు గుచ్చుకున్నట్టయింది. ఆ గొంతును ఇప్పుడే తన చేత్తో తిరిగి తెచ్చింది. మొదటి అసలైన మాట తనకు వినబడకూడదట. కానీ అన్నయ్య కళ్ళు తనవైపు లేవు. వదినమీద ఉన్నాయి. పెళ్ళైన కొత్తలో, ఇంటినిండా జనం ఉండగా, అందరూ ఎప్పుడు పోతారా అని ఎదురుచూసేవాడు అన్నయ్య. ఇవీ ఆ కళ్ళే. పిచ్చుక లేచి, తెరను వదినకు అందేలా సర్ది, తలుపు దగ్గరికి వేసి బయటకు వచ్చేసింది.

వసారాలో చక్రాల బల్ల మీద తెల్లటి దుప్పటి పరిచి ఉంది. ఆసుపత్రి మనుషుల్లో ఒకడు చేతిగడియారం చూసుకున్నాడు. రెండోవాడు గోడకు చేరబడి వాన వచ్చేట్టుందన్నాడు. పిచ్చుక అలికిడి కోసం చెవులు రిక్కించింది. లోపల మాటల్లేవు. తలుపు సందులోంచి తెర వెలుగు ఒక్కటే వసారా గచ్చు మీద మినుకుమినుకుమంటోంది. అక్షరం పడినప్పుడల్లా అది కాస్త ఎక్కువగా మెరుస్తుంది. మెరిసింది. మళ్ళీ మెరిసింది. సరే అనడానికి ఇంతసేపు పట్టదు. వద్దనడానికీ పట్టదు. అన్నయ్య ఏదో పెద్ద సంగతే చెబుతున్నాడు. మధ్యలో ఒకసారి వదిన “అయ్యో!” అన్నట్టు వినిపించింది. ఒకసారి నవ్వినట్టు కూడా వినిపించింది. అది నవ్వో ఏడుపో పిచ్చుక తేల్చుకోలేకపోయింది.

చివరికి తలుపు తెరుచుకుంది.

వదిన ముఖంలో రక్తపు చుక్క లేదు. ఆసుపత్రి మనుషుల వంక చూసి, “కూర్చోండి బాబూ, కాసేపు కూర్చోండి,” అంది. తరవాత పిచ్చుక దగ్గరికి వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. 

“ఏమన్నాడు వదినా? సరే అన్నాడా?”

వదిన తల అడ్డంగా ఊపింది.

“వద్దన్నాడా?”

దానికీ తల అడ్డంగానే ఊపింది.

“ఇంకోటి అడిగారు,” అంది. “అది నా వల్ల అయ్యేది కాదు. డాక్టరు వల్లా కాదట. నీ ఒక్కదానివల్లే అవుతుందట పిచ్చుకా. నువ్వు ఒప్పుకుంటేనే మెషీన్ పెట్టించుకుంటానన్నారు. లేకపోతే ఆ బండిని ఇటునుంచి ఇటే పంపెయ్యమన్నారు.”